దీనమ్మ అధ్యక్షతన ఒక ఊరి పుట్టినరోజు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ ఊరి పేరు ఎలా రాయాలో ఆ ఊరివాళ్ళకే తేలలేదు. నీళ్ళ ట్యాంకు మీద హోల్మ్‌బెర్గ్ అని ఉంటుంది. పోస్టాఫీసు గోడ మీద హోల్మ్‌బుర్గ్ అని ఉంటుంది. మొదటిది స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళ వంశం మాట, రెండోది జర్మనీ నుంచి వచ్చినవాళ్ళ వంశం మాట. మనకి ఎవరితోనూ పేచీ లేదు కాబట్టి హోల్మ్‌బర్గ్ అనుకుందాం. నాలుగువందల మంది జనం, చుట్టూ చూపు ఆనినంత మేర గోధుమ, మొక్కజొన్న, పచ్చికబీళ్ళు. ఊళ్ళో రైతుల ధాన్యం కొని నిలవచేసే ఎలివేటరు ఒకటి, ఒక బడి, ఒక వృద్ధాశ్రమం, రెండు లూథరన్ చర్చిలు. చర్చిలు రెండూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి స్వీడన్ వాళ్ళది, ఒకటి జర్మన్లది. జనం తగ్గిపోయి రెండిటికీ కలిపి ఒకే పాస్టరమ్మ మిగిలింది. ఆవిడ ఇక్కడ తొమ్మిదింటి ఆరాధన ముగించి, రోడ్డు దాటి, అదే ప్రసంగం అక్కడ పదిన్నరకి చెబుతుంది.

ఆ వృద్ధాశ్రమంలో హెడ్ నర్సు దీనమ్మ. సత్తెనపల్లి మనిషి. భర్త ఆనందబాబుకి ఎలివేటరులో ఉద్యోగం. ట్రక్కుల్లో వచ్చిన గింజల్లో తేమ ఎంతుందో పరీక్ష చేసి చెబుతాడు. ఒక్కతే కూతురు అబిగేల్, హైస్కూల్లో చదువుతూ స్కూల్ బ్యాండులో ట్రాంబోన్ ఊదుతుంది.

పన్నెండేళ్ళ కిందట జనవరిలో ఆ ఊళ్ళో దిగారు. మొదటి ఆదివారం చర్చికి బయల్దేరితే వీధి నిండా మోకాలి లోతు మంచు. రెండు చర్చిల్లో జర్మన్ల చర్చి మెట్ల మీద మాత్రం ఎవరో మంచు ఎత్తిపోశారు. పసిదాన్ని ఎత్తుకుని ఆ మెట్లెక్కారు. అంతే, ఆ ఉదయంతో సత్తెనపల్లి కుటుంబం ఊరి లెక్కలో జర్మన్లయిపోయింది. ఎదుటి చర్చివాళ్ళు మర్యాదగానే పలకరిస్తారు గానీ, ఆ మెట్ల సంగతి మాత్రం మరిచిపోలేదు.

రెండు చర్చిలవాళ్ళూ ఆమెని అడిగే ప్రశ్న ఒక్కటే. "మీరు ఎప్పుడు క్రైస్తవులయ్యారు?"

మొదట్లో ఓపిగ్గా చెప్పేది. అమెరికా లూథరన్లు గుంటూరు వచ్చింది 1842లో అని, తమ ఇంట్లో తాను అయిదో తరమని, ఈ ఊరు పుట్టకముందే తమ వాళ్ళు లూథరన్లని. విన్నవాళ్ళు "ఎంత బావుందో!" అని, మళ్ళీ ఏడాది అదే ప్రశ్న అడిగేవారు. కొన్నాళ్ళకి "పుట్టినప్పుడు" అని ఒక్క మాటతో సరిపెట్టడం మొదలుపెట్టింది.

ఊరికి నూట యాభై ఏళ్ళు నిండబోతున్నాయని గొడవ మొదలైంది అప్పుడే. ఊరి మేయరు డారెల్. కార్లు బాగుచేసే షాపూ ఆయనదే, ఫైర్ స్టేషనుకి పెద్దా ఆయనే. ఏ చర్చికీ పోడు. వాళ్ళమ్మ వృద్ధాశ్రమంలో ఉంది. ఆవిణ్ణి చూడటానికొచ్చి, మందుల బండి తోసుకుపోతున్న దీనమ్మని నడవలో ఆపాడు.

"డీనా, ఉత్సవాల కమిటీకి అధ్యక్షులు కావాలి. స్వీడన్ మనిషిని పెడితే జర్మన్లు రారు. జర్మన్ని పెడితే స్వీడన్‌వాళ్ళు రారు."

"మీరే ఉండండి."

"నేను దేవుణ్ణి నమ్మనని ఇద్దరికీ నామీద కోపం. నువ్వైతే ఎవరి మనిషివీ కాదు."

"మరి నన్ను జర్మన్ల చర్చి మనిషి అంటున్నారుగా?"

"ఈ ఒక్క ఏడాదికి అనరులే. అడిగే వచ్చాను."

అంటే తన వెనక అప్పటికే తీర్మానం అయిపోయిందన్నమాట. అవునన్నా కాదన్నా ఒకటేనని దీనమ్మకి ఆ క్షణమే తెలిసిపోయింది.

మొదటి సమావేశం లైబ్రరీలో. స్వీడన్ వాళ్ళ తరపున మార్లీన్, రిటైరైన టీచరు, డెబ్బై దాటినా తన పొలం తానే దున్నించుకునే మనిషి. జర్మన్ల తరపున రోజర్, గోధుమ రైతు, గొంతు పెద్దది. మార్లీన్ ముత్తాత 1873లో వచ్చి, పచ్చిక మట్టి పెళ్ళలు పేర్చి మొదటి ఇల్లు కట్టాడు. కాబట్టి ఊరు పుట్టింది 1873. రోజర్ ముత్తాత 1875లో రైలు పట్టాలకి స్థలం ఇచ్చాడు. కాబట్టి 1875.

"బీడులో మట్టి గుడిసె ఊరెట్లా అవుతుంది?" అన్నాడు రోజర్.

"గుడిసెలో మనుషులున్నారు. మీ ముత్తాత స్థలంలో అప్పటికి కుందేళ్ళున్నాయి" అంది మార్లీన్.

రెండు గంటలు అదే. చివరికి దీనమ్మ రెండింటికీ సగటు తీసి 1874 అంది. ఆ సంవత్సరంలో ఆ ఊళ్ళో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అబిగేల్ పుస్తకంలోంచి తలెత్తింది.

"మమ్మీ, బట్ పానీ పీపుల్ ముందు ఉన్నారు కదా ఇక్కడ? స్కూల్లో చెప్పారు. వాళ్ళది ఎవరు సెలబ్రేట్ చేస్తున్నారు?"

మంచి ప్రశ్నే అనిపించింది. రెండో సమావేశంలో అడిగింది. ఆ బీళ్ళలో వందల ఏళ్ళు బతికిన పానీ తెగవాళ్ళ గురించి రెండు మాటలు చెప్పాలి కదా అంది. మార్లీన్ కళ్ళద్దాలు తుడుచుకుంది. రోజర్ కిటికీలోంచి తన ట్రక్కు చూసుకున్నాడు. అది వేరే కమిటీ చూడాల్సిన విషయమని ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ వేరే కమిటీ ఇప్పటికీ పుట్టలేదు. దీనమ్మే పట్టుబట్టి ఉత్సవం కరపత్రంలో వాళ్ళ గురించి ఒక పేరా వేయించింది. అది ప్రకటనల పక్కన చిన్న అక్షరాల్లో వచ్చింది.

తర్వాత టీషర్టులు. బెర్గా, బుర్గా? నెల గడిచింది. ఆమె విసిగిపోయి ఊరి పేరే తీసేయించి, ఎర్రటి చొక్కా మీద '150' అని మాత్రం కొట్టించింది. ఆ తర్వాత ఊరేగింపు. 'ప్రపంచ మిత్రులు' అని ఒక బండి పెడతాం, నువ్వు పట్టుచీర కట్టుకుని అందులో నిలబడి చెయ్యి ఊపాలి అన్నారు.

"నేను అధ్యక్షురాలిని. ఎగ్జిబిషన్‌ని కాదు" అంది దీనమ్మ. ఆ మాటని వాళ్ళు హాస్యం అనుకుని నవ్వారు. అది ఆమెకి ఇంకా మంట.

అన్నిటికన్నా పెద్ద తగాదా భోజనాలది. పూర్వం రెండు చర్చిలూ కలిసి కోతల పండగ విందు చేసుకునేవట. డెబ్బై ఏళ్ళ కిందట అది ఆగిపోయింది. ఎందుకని అడిగితే, జర్మన్లు వంటగదికి తాళం వేశారని మార్లీన్ చెబుతుంది. తాము రాకముందే స్వీడన్‌వాళ్ళు ప్రార్థన చేసి తినేశారని రోజర్ చెబుతాడు. ఆనాడు అక్కడున్న వాళ్ళలో మిగిలిన నలుగురూ దీనమ్మ వృద్ధాశ్రమంలోనే ఉన్నారు. వాళ్ళు మందులు మర్చిపోతారు గానీ, ఎవరి బల్ల దగ్గర కూర్చోకూడదో మాత్రం మర్చిపోరు.

విందు మా చర్చి నేలమాళిగలోనే అని ఇద్దరూ పట్టుపట్టారు. స్కూల్ జిమ్ అడిగితే, నేలకి కొత్తగా పాలిష్ పెట్టాం, కుర్చీలు లాగితే గీతలు పడతాయి అన్నారు. దీనమ్మ డారెల్ షాపుకి వెళ్ళింది. ఆయన కారు కింద పడుకుని ఉన్నాడు. ఆమె ఆయన బూట్లతోనే మాట్లాడింది.

"ఫైర్ స్టేషన్ ఇవ్వండి. ఇంజన్లు బయట నిలబెట్టి లోపల బల్లలు వేద్దాం."

"తీసుకో" అన్నాయి బూట్లు.

వంట విషయంలో కూడా అంతే తెగింపుగా పోయింది. మార్లీన్ వాళ్ళు మాంసం ఉండలంటారు, రోజర్ వాళ్ళు క్యాబేజీ, మాంసం కూరిన బన్నులంటారు. ఏది ముందు వడ్డించాలో తేలదు. "రెండూ వద్దు. నేను కోడి పులావ్ చేయిస్తాను, ఊరంతటికీ అదే" అని ప్రకటించి సమావేశం ముగించింది.

మూడు రోజుల తర్వాత వృద్ధాశ్రమం ముందు రోజర్ ట్రక్కు ఆగింది. కిటికీ దగ్గర నిలబడి సూదిమందు సిద్ధం చేస్తున్న దీనమ్మ చూస్తూ ఉండగా, ఒక తలుపులోంచి రోజర్, రెండో తలుపులోంచి మార్లీన్ దిగారు. ఆ ఇద్దరూ ఒకే బండిలో కూర్చోవడం ఆ ఊళ్ళో అంతవరకూ ఎవరూ చూడలేదు.

"డీనా, నీ వంటంటే మాకు గౌరవమే" అని మొదలుపెట్టింది మార్లీన్.

"కానీ కారం సంగతి" అన్నాడు రోజర్.

"మావాళ్ళకి మిరియాలే ఎక్కువ. నిన్న పాస్టరమ్మ ఇంట్లో రెండు చర్చిల ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాం."

"రెండు చర్చిలవాళ్ళూ కలిసి?"

"అవును. మాంసం ఉండలు మేం చేస్తాం. బన్నులు వాళ్ళు చేస్తారు."

"ఒకే బల్ల మీద పెడతారా?"

"ఒకే బల్ల మీదే" అన్నాడు రోజర్, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

అయిదారు నెలలుగా తాను కాళ్ళావేళ్ళా పడి అడిగింది అదే. ఇప్పుడు జరిగింది. సంతోషించాల్సింది పోయి దీనమ్మకి ఒళ్ళు మండిపోయింది. "చాలా సంతోషం. పులావ్ కూడా ఉంటుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆనందబాబుకి బూట్లు విప్పుకునే తీరిక కూడా ఇవ్వలేదు.

"చూశారా అండీ? డెబ్బై ఏళ్ళుగా కలవనోళ్ళు నా పులావ్ మీద కోపంతో కలిశారు! నా అన్నం అంత పాపం చేసిందా?"

"పోనీలే దీనా. ఎట్లాగో కలిశారుగా."

"మీకేం, గింజల్లో తేమ చూసుకుంటా చల్లగా కూర్చుంటారు. ఆ మీటింగుల్లో నా బీపీ ఎవరు చూస్తారు? ఒమాహా హాస్పిటల్లో జాబ్‌కి అప్లై చేస్తా. అక్కడైతే ఎవరి ముత్తాత ఎవడో ఎవరికీ అక్కర్లేదు."

"అప్లై చెయ్యి" అన్నాడాయన. ఆ మాట ఆయన వినడం అది ఎన్నోసారో.

జులైలో ఒక శనివారం ఉత్సవం. కోతలైపోయి పొలాల్లో గోధుమ మోళ్ళు ఎండిపోయి ఉన్నాయి. దక్షిణం నుంచి వేడిగాలి ఉదయం నుంచీ ఆగకుండా వీస్తోంది. ఊరేగింపు పదకొండింటికి. మెయిన్ స్ట్రీట్ మరీ చిన్నది కావడంతో, ఊరేగింపు ఒకసారి వెళ్ళి, చుట్టు తిరిగి, మళ్ళీ అదే వీధిలో రెండోసారి వస్తుంది. జనం కూడా రెండోసారి అంతే ఉత్సాహంగా చేతులూపుతారు. అబిగేల్ బ్యాండు వెళ్ళింది, పాత ట్రాక్టర్లు వెళ్ళాయి. మార్లీన్ తన ట్రాక్టరుకి గడ్డి ట్రెయిలర్ తగిలించి, దానిమీద తన స్వీడన్ పూర్వీకుల పడవల్లాగా ముందు డ్రాగన్ తలతో చెక్క పడవ కట్టించి, తానే నడుపుకుంటూ వచ్చింది. రోజర్ ట్రాక్టరు లాగుతున్న బండి మీద పాత రైల్వేస్టేషను నమూనా, పొగగొట్టంతో సహా.

ఊరేగింపు అయ్యాక జనం ఫైర్ స్టేషనుకి చేరారు. ఇంజన్లు రెండూ పక్క సందులో నిలబెట్టి ఉన్నాయి. ఆ సందు తిన్నగా హైవేకి పోతుంది. లోపల పొడుగాటి బల్లలు, వృద్ధాశ్రమం నుంచి చక్రాల కుర్చీల్లో వచ్చిన పెద్దవాళ్ళు. ఒక మూల దీనమ్మ రెండు పెద్ద గిన్నెల పులావ్‌తో నిలబడింది. ఎవరూ అటు చూడటం లేదు.

పాస్టరమ్మ ప్రార్థన మొదలుపెట్టబోతుండగా డారెల్ నడుముకున్న రేడియో గరగరలాడింది. ఊరికి పడమట ఒకాయన పొలంలో మోళ్ళు అంటుకున్నాయి. ఆయన క్యాథలిక్కు, ఉత్సవానికి రాలేదు. గాలి మంటని ఆయన ఇంటివైపు తోస్తోంది. స్టేషను మీద సైరన్ మోగింది. మంటలార్పే వాలంటీర్లు ప్లేట్లు వదిలేసి పరుగెత్తారు.

ఇంజన్లు కదలలేదు. సందులో హైవే వైపు నుంచి మార్లీన్ పడవ, స్టేషను వైపు నుంచి రోజర్ రైల్వేస్టేషను ఎదురుపడి ముక్కూ ముక్కూ ఆనేటంత దగ్గరగా నిలబడి ఉన్నాయి. నీడలో బండి పెట్టుకోవాలని ఇద్దరూ అప్పుడే ఒకే సందులోకి వచ్చారు.

"నేను ముందొచ్చాను, నువ్వు వెనక్కి తియ్యి!" అని రోజర్ అరుస్తున్నాడు.

"సందులో సగం దాకా వచ్చాను, కనబడటం లేదా?" అని మార్లీన్.

డారెల్ హారన్ కొడుతున్నాడు. ఎవరూ కదలడం లేదు. పడమట ఆకాశంలో పొగ నల్లగా లేస్తోంది.

చేతిలో గరిటెతో దీనమ్మ సందులోకి వచ్చింది. రెండు ట్రాక్టర్ల మధ్య నిలబడింది. పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఆమె మాట్లాడిన ఇంగ్లీషంతా ఆ క్షణాన ఎటో పోయింది.

"తియ్యండయ్యా బాబూ, తియ్యండి! అక్కడ కొంప తగలబడతా ఉంటే ఇక్కడ మీ తాతల గొడవేంది! ఇన్ని నెలల నించీ నా ప్రాణం తోడేశారు గదయ్యా! వెనక్కి తీస్తారా, నా మీంచి తోలుకుపోతారా?"

ఒక్క ముక్క కూడా వాళ్ళకి అర్థమై ఉండదు. కానీ ఇద్దరూ ఒకేసారి రివర్సు గేరు వేశారు. కంగారులో పడవ డ్రాగన్ తల దీపస్తంభానికి గుద్దుకుని ఊడింది. రైల్వేస్టేషను పొగగొట్టం గోడకి తగిలి కూలింది. రోజర్ బండి స్టేషను ముందుకీ, మార్లీన్ బండి హైవే పక్కకీ తప్పుకోగానే ఇంజన్లు దూసుకుపోయాయి.

బండ్లు అక్కడే వదిలేసి, ట్రాక్టర్లు విడదీసుకుని ఇద్దరూ వెనకే వెళ్ళారు. రోజర్ దారిలో తన నాగలి తగిలించుకున్నాడు, మంట ముందు నేల తిరగేసి దారి కట్టడానికి. మార్లీన్ నీళ్ళ ట్యాంకు ఈడ్చుకెళ్ళింది. ఎలివేటరు నీళ్ళ ట్రక్కుతో ఆనందబాబు కూడా వెళ్ళాడని ఎవరో చెప్పేదాకా దీనమ్మకి తెలియదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎప్పటికీ మర్చిపోదు. చేతులు కాలిన ఒక కుర్రవాణ్ణి, పొగకి ఊపిరాడని ఒకాయన్ని స్టేషనుకి తెచ్చారు. కాలిన చోట చల్లటి నీళ్ళు పోసింది, ఆక్సిజన్ పెట్టింది, అంబులెన్స్ ఎక్కించింది. ప్రతి బండి చప్పుడికీ తలుపు దాకా వెళ్ళి వచ్చింది. ఆనందబాబు ఫోన్ ఎత్తడం లేదు. అబిగేల్ ట్రాంబోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దవాళ్ళకి ఆకలేస్తోందని ఆడవాళ్ళు మాంసం ఉండలూ బన్నులూ వడ్డించారు. ఎవరిది ముందో ఎవరూ అడగలేదు. పిల్లలు, పెద్దలు, ఊడ్చినట్టు తినేశారు.

పొద్దు వాలుతుండగా మనుషులు తిరిగొచ్చారు. ఇల్లు దక్కింది, ఒక పాక, మోళ్ళు కాలిపోయాయి. ముఖాలన్నీ నల్లగా ఉన్నాయి. వాళ్ళలో తన మొగుడెవరో దీనమ్మకి వెంటనే తెలియలేదు. కనుబొమలు కాలి, ముక్కు మీద బూడిదతో ఒకాయన నవ్వాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదండీ? చచ్చానా బతికానా చెప్పాల్సిన పన్లా?" అని అందరి ముందూ కేకలేసింది. ఆయన భుజమ్మీద చెయ్యి వేసి మాత్రం తియ్యలేదు.

తినడానికి మిగిలింది పులావే. గిన్నెల చుట్టూ మూగారు. చేతులు కూడా కడుక్కోకుండా ప్లేట్లు చాపారు. డారెల్ మూడోసారి పెట్టించుకుంటూ, "డీనా, ఇందులో కారమెక్కడ? వీళ్ళు ఊరికే భయపెట్టారు!" అన్నాడు. రోజర్, మార్లీన్ పక్కపక్కనే బల్లకానుకుని తింటున్నారు.

అందరూ మెచ్చుకుంటుంటే దీనమ్మకి తల కొట్టేసినట్టుంది. వాళ్ళ గోలకి భయపడి పచ్చిమిర్చి తీసేసింది, మసాలా తగ్గించింది. తన జన్మలో అంత చప్పటి పులావ్ వండలేదు.

"ఇది పులావ్ కాదండీ, పథ్యం. దీన్ని పట్టుకుని నా పేరు చెబుతారు ఈ ఊళ్ళో" అని భర్త చెవిలో అంది.

"నాకూ ఇంకొంచెం పెట్టు" అన్నాడు ఆనందబాబు.

ఉత్సవం అయ్యాక ఆమె రాజీనామా ఇవ్వబోయింది. డారెల్ తల గోక్కున్నాడు. రాజీనామా కమిటీ ఆమోదించాలి, కమిటీని పిలవాల్సింది అధ్యక్షురాలే అన్నాడు. మళ్ళీ ఆ లైబ్రరీలో రోజర్‌నీ మార్లీన్‌నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం తలుచుకుంది. ఇప్పటికీ ఆవిడే అధ్యక్షురాలు. ఒమాహా ఉద్యోగానికి అప్లై చేయలేదు. ఎందుకని అడిగితే, ఆశ్రమంలో మనుషులు తక్కువగా ఉన్నారు, చలికాలం పోనీ అంటుంది.

చలికాలంలో రెండు చర్చిలూ నెలకొక ఆదివారం కలిసి ఆరాధించాలని తీర్మానించుకున్నాయి. మొదటిసారి జర్మన్ల చర్చిలో. పాటలు బాగానే పాడారు. ఆరాధన అయ్యాక కాఫీకి అందరూ కిందికి దిగారు. ఒకే బల్ల మీద రెండు కాఫీ పాత్రలు ఉన్నాయి. ఒకటి ఈ చర్చిది. రెండోది మంచులో రోడ్డు దాటించి మార్లీన్ వాళ్ళు మోసుకొచ్చింది. ఈవైపు రోజర్, ఆవైపు మార్లీన్, ఇద్దరూ నవ్వుతూ, "రా డీనా, కాఫీ తీసుకో" అన్నారు. వెనక ఊరంతా కప్పులు పట్టుకుని ఆమె చెయ్యి ఎటు పోతుందా అని చూస్తోంది.

దీనమ్మ వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కప్పు నిండా మంచినీళ్ళు పట్టుకుని, అక్కడే నిలబడి తాగేసింది.